గోడలు వినపడని ఇల్లు

నాలుగేళ్ళ పాటు పెద వాల్తేరులోని ఆ మేడ మీది వాటాలోంచి రోజూ పొద్దున ఏడింటికి ఒక కూత వినిపించేది. లావుపాటి గొంతుతో "ఊఁ..." అని మొదలై, మెల్లగా పైపైకెక్కి, కుక్కలకి తప్ప ఎవరికీ వినపడనంత సన్నగా "ఈఁ..." అంటూ ఆగిపోయేది. కింది వాటాలో ఉండే రమణమ్మగారు మొదట్లో భయపడ్డారు, తర్వాత కోప్పడ్డారు. చివరికి అలవాటుపడి, "వైజయంతమ్మా, ఇవాళ నీ కూత ఆలస్యమైంది, మా మనవరాలికి స్కూలు బస్సు తప్పిపోయింది" అని నిలదీసే దాకా వచ్చారు.

ఆ కూత గదిని కొలవడానికి. హాలు మధ్యలో మైకు పెట్టి, స్పీకర్లలోంచి కూత పంపితే, గోడలు దాన్ని ఏం చేశాయో మైకు వింటుంది. ఈ మూల మోత ఎక్కువ, ఆ కిటికీ దగ్గర పలుచన అని ల్యాప్‌టాప్ లెక్కగట్టి స్పీకర్లకి చెబుతుంది. అవి ఆ మేరకు పాటని దిద్దుకుని పాడతాయి. ఇందులో కొత్తేమీ లేదు. మంచి స్పీకర్లు కొనుక్కున్న ప్రతి ఇంట్లోనూ జరిగే పనే. ధ్వనిశాస్త్రం చదివిన వైజయంతికి మాత్రం అది నచ్చలేదు. సోఫాలో మధ్యన కూర్చున్నవాడికి పాట అద్భుతంగా ఉంటుంది, పక్కన కూర్చున్నవాడికి మళ్ళీ అదే మోత.

"స్పీకర్ని ఎంత దిద్దినా గోడ గోడే. దిద్దాల్సింది గోడని" అనేది.

సీతమ్మధారలో రెండు గదుల ల్యాబు పెట్టుకుని, ఫిరోజ్ అనే ఇంజినీరుతో కలిసి ఆమె తయారుచేసింది ఒక పొర. కాగితమంత పల్చన. గోడకి అంటిస్తే రంగు వేసినట్టే ఉంటుంది. దానిలో అంగుళానికొక చిన్న మైకు, పక్కనే చిన్న స్పీకరు. శబ్దం వచ్చి గోడని తాకగానే, తిరిగి వెళ్ళబోయే మోతకి సరిగ్గా తలకిందులైన మోతని ఆ పొర పుట్టిస్తుంది. రెండూ కలిసి సున్నా. వెళ్ళిన శబ్దం మళ్ళీ తిరిగి రాదు.

అది మొదటిసారి పనిచేసింది ఒక ఆదివారం, ఇంట్లోనే. ల్యాబు గదులు ఖాళీగా ఉంటాయని, సామాన్లూ మనుషులూ ఉన్న నిజమైన ఇల్లు కావాలని, వైజయంతి వాళ్ళ హాలుకీ వసారాకీ వంటింటికీ పొర అంటించారు. ఫిరోజ్ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. సోఫాలో వైజయంతి భర్త పైడిరాజు, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరీక్షకి వచ్చిన కుర్రాడిలా బుద్ధిగా కూర్చున్నాడు.

పైడిరాజు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాడు. తొమ్మిదేళ్ళ వయసులో వచ్చిన జ్వరంతో చూపు పోయింది. ల్యాబులో తయారైన ప్రతిదాన్నీ మొదట వినేది అతనే. యంత్రాలు పట్టుకోలేని తేడాని అతని చెవి పట్టుకుంటుంది.

"పెట్టనా సార్?" అన్నాడు ఫిరోజ్.

నాదస్వరం మొదలైంది. ఒక నిమిషం పాటు పైడిరాజు కదల్లేదు. తర్వాత లేచాడు. హాలు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాడు, మూలకి వెళ్ళి నిలబడ్డాడు, నేల మీద కూర్చుని కూడా విన్నాడు.

"వైజూ," అన్నాడు చివరికి, "గోడలేవీ?"

"ఉన్నాయండీ, మీ చెయ్యి ఆనుకునే ఉంది."

"చేతికి ఉన్నాయి, చెవికి లేవు. ఆర్కే బీచిలో ఇసుక మీద కూర్చుని, ఎదురుగా విద్వాంసుడు వాయిస్తుంటే వింటున్నట్టుంది. ఎక్కడికి జరిగినా అలాగే ఉంది."

వైజయంతి ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చేసింది. పద్నాలుగేళ్ళ కూతురు లహరి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, "అమ్మా, పనిచెయ్యలేదా?" అంది కంగారుగా.

"చేసిందే! అందుకే" అంది వైజయంతి ముక్కు చీదుకుంటూ.

ఈ సంగతి తెలిసి, బెంగళూరులోని ఒక ఆడియో కంపెనీ నుంచి తపతి అనే పెద్దావిడ ఫోన్ చేశారు. వచ్చి చూస్తామన్నారు. ఒకే ఒక్క కోరిక కోరారు. పాటకే ఎందుకు, ఇంట్లో ఏ శబ్దానికైనా ఈ పొర పనిచెయ్యగలదా? మిక్సీ మోత, టీవీ గోల, పక్కగదిలో పిల్లల అరుపులు, ఏదీ గోడలకి తగిలి రెట్టింపు కాకుండా, ఇరవై నాలుగ్గంటలూ ప్రశాంతంగా ఉండే ఇల్లు.

"అలాంటి ఇల్లు నగరాల్లో ఎవరికి అక్కర్లేదు చెప్పండి?" అన్నారు తపతి.

ఫిరోజ్ వారం రోజుల్లో సాఫ్ట్‌వేర్ మార్చేశాడు. ఇప్పుడు పొర గోడల్నే కాదు, బీరువా, డైనింగ్ టేబులు, ఫ్రిజ్ నుంచి వచ్చే మోతని కూడా నేర్చుకుని తుడిచేస్తుంది. మంగళవారం పొద్దున ఆన్ చేశారు. తపతి వచ్చేదాకా పది రోజులు ఆపకుండా నడపాలి, ఎక్కడైనా తేడా వస్తుందేమో చూడాలి.

మొదటి రెండ్రోజులూ ఇంట్లో పండగలా ఉంది. పచ్చడి రుబ్బుతుంటే మిక్సీ వాకిట్లో ఎవరిదో తిరుగుతున్నట్టు వినిపించింది. ఫోన్లో మాట్లాడినవాళ్ళు "ఏంటి, డాబా మీదకెళ్ళి మాట్లాడుతున్నావా, ఎంత స్పష్టంగా ఉందో" అన్నారు. కింద రమణమ్మగారు పైకొచ్చి, హాలు మధ్యలో నిలబడి, "రామా" అని ఒకసారి పిలిచి, ఆ పిలుపు ఎటు పోయిందో తెలియక చుట్టూ చూసి, "ఇదేదో బాగానే ఉంది గానీ, దేవుడికి వినపడిందో లేదో" అని వెళ్ళిపోయారు.

ల్యాబులో ఫిరోజ్ రోజూ పట్టిక చూసి చెప్పేవాడు. "లోపం సున్నా మేడం. నిన్నా సున్నా, ఇవాళా సున్నా."

బుధవారం పైడిరాజు బీరువాకి గుద్దుకున్నాడు. పదిహేడేళ్ళుగా అదే చోట ఉన్న బీరువా. "ఏదో ఆలోచిస్తున్నా" అన్నాడు నుదురు రుద్దుకుంటూ. గురువారం టీ కప్పు బల్ల మీద పెట్టబోయి, బల్లకి జానెడు ఇవతల వదిలేశాడు. "చెయ్యి జారింది" అన్నాడు. వైజయంతి ల్యాప్‌టాప్‌లోంచి తల పైకెత్తి, "కాలిందా?" అని అడిగి, లేదంటే మళ్ళీ పనిలో పడింది.

లహరి మాత్రం చూస్తూనే ఉంది. శనివారం సాయంత్రం తల్లి బాల్కనీలో బట్టలు తీస్తుంటే పక్కకొచ్చి నిలబడింది.

"అమ్మా, నాన్న గోడ పట్టుకుని నడుస్తున్నాడు."

"ఎక్కడ?"

"ఇంట్లోనే. నువ్వు గదిలోకి రాగానే చెయ్యి తీసేస్తున్నాడు."

వైజయంతి చేతిలో చీర మడతపెట్టడం ఆపింది. "ఒంట్లో బాలేదేమో. అడుగుతాలే" అంది. అడుగుదామనే అనుకుంది. ఈలోగా ఫిరోజ్ ఫోన్ చేశాడు, తపతి ఒక రోజు ముందే వస్తున్నారట. ఆ హడావుడిలో మర్చిపోయింది.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి వంటింట్లోంచి పెద్ద చప్పుడైంది. పాత ఇల్లు కావడంతో హాల్లోంచి వంటింట్లోకి రెండు మెట్లు దిగాలి. వైజయంతి వెళ్ళేసరికి పైడిరాజు మెట్ల కింద కూర్చుని ఉన్నాడు, ఉప్మా నేలంతా చిందింది, అతని ఎడమ మణికట్టు వంకరగా వాచిపోతోంది.

"మెట్లు ఇంకా రెండడుగుల అవతల ఉన్నాయనుకున్నా" అన్నాడు నవ్వడానికి ప్రయత్నిస్తూ.

ఎముక చిట్లిందని ఆస్పత్రిలో కట్టు కట్టారు. ఎక్స్‌రే కోసం వరండాలో బెంచీ మీద కూర్చున్నప్పుడు వైజయంతి అతని వైపు తిరిగింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మంగళవారం నుంచి."

"ఏమవుతోంది మీకు?"

"నాకేమీ కాలేదు వైజూ. ఇల్లు పోయింది." అతను గొంతు తగ్గించాడు. "వీధిలో అయితే కర్ర ఆడిస్తాను, నాలుకతో టక్కుటక్కుమనిపించి గోడా గుమ్మం కనిపెడతాను. అది నీకు తెలుసు. ఇంట్లో అవేవీ చెయ్యను కదా, ఇల్లంతా నాకు కంఠతా వచ్చేసిందని ఇన్నేళ్ళూ నేనే అనుకున్నాను. కాదు. నా చెప్పుల చప్పుడు బీరువాకి తగిలి వచ్చేది. నా దగ్గు వంటింటి గుమ్మం దగ్గర వేరేలా వినిపించేది. నాకు తెలియకుండానే రోజంతా ఇల్లు నాతో చెబుతూ ఉండేదన్నమాట, ఇటు రా, అక్కడ ఆగు అని. మంగళవారం నుంచి ఒక్క ముక్క చెప్పడం లేదు. మైదానం మధ్యలో నిలబెట్టి, ఇక్కడే ఎక్కడో వంటిల్లుంది వెళ్ళు అన్నట్టుంది."

"ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"నాలుగేళ్ళు కష్టపడ్డావు. పది రోజులేగా, అడుగులు లెక్కపెట్టుకుంటే గడిచిపోతాయనుకున్నా."

"చెయ్యి విరగ్గొట్టుకున్నారు!"

"ఎడమ చెయ్యేలే. బోర్డు మీద రాసేవాళ్ళకి కుడి చెయ్యి కావాలి, నేనెలాగూ రాయను."

ఆమెకి నవ్వు రాలేదు. ఫిరోజ్ పట్టికలోని సున్నాలన్నీ గుర్తొచ్చాయి. ఆమె లోపం అని పేరు పెట్టి తుడిచేసింది ఈ మనిషి కళ్ళని. శబ్దం గురించి ఇంత చదివి, పదిహేడేళ్ళు పక్కనే ఉండి, అతను ఇంటిని వింటున్నాడన్న సంగతే తట్టలేదు. కూతురు చెప్పినా అడగలేదు.

ఇంటికొచ్చాక చెప్పులైనా విప్పకుండా వెళ్ళి స్విచ్ ఆపేసింది. పైడిరాజు గుమ్మంలో నిలబడి, ఒక్క అడుగు వేసి ఆగాడు. భుజాలు కిందికి దిగాయి. గట్టిగా ఊపిరి వదిలాడు.

"అబ్బ, వచ్చింది" అన్నాడు. "ఎంత ఇరుగ్గా ఉందే మనిల్లు!"

అప్పుడు నవ్వొచ్చింది ఆమెకి.

తపతి రావడానికి ఇంకా మూడు రోజులున్నాయి. సాయంత్రం ఫిరోజ్ పళ్ళు పట్టుకుని పలకరించడానికి వచ్చాడు. జరిగింది విని అతని మొహం పాలిపోయింది. "సారీ సార్. సున్నా వచ్చిందని నేను రోజూ సంబరపడిపోయాను" అన్నాడు.

"నాకు బీచి తెచ్చిపెట్టావయ్యా, దానికి సారీ ఏంటి" అన్నాడు పైడిరాజు. "కాకపోతే రోజంతా బీచిలో ఉండలేం కదా."

మర్నాడు వైజయంతి ల్యాబుకి వెళ్ళలేదు. చున్నీతో కళ్ళకి గంతలు కట్టుకుని, "నాకు నేర్పండి" అంటూ భర్త ముందు నిలబడింది. పైడిరాజు పాఠం మొదలుపెట్టాడు. నాలుకని అంగిట్లో ఆనించి టక్కున లాగాలి, ఆ చప్పుడు కాదు, దాని వెనకాల వచ్చేది వినాలి. ఆమె అరగంటలో రెండుసార్లు ఫ్రిజ్‌నీ, ఒకసారి ఫిరోజ్‌నీ గుద్దింది. ఫిరోజ్ గంతలు కట్టుకుని తిన్నగా బాత్రూములోకి వెళ్ళి, అదే వంటిల్లని వాదించాడు. లహరి సోఫా మీద పడి నవ్వుతూ ఫోన్లో వీడియో తీసింది.

మధ్యాహ్నానికి వైజయంతికి గోడ లీలగా వినిపించింది. ముందు నమ్మలేదు. మళ్ళీ టక్కుమనిపించింది. ఎదురుగా ఏదో గట్టిగా, దగ్గరగా ఉంది. చెయ్యి చాపితే గోడే తగిలింది. అలాగే నిలబడిపోయి, గంతలు విప్పకుండానే అంది.

"ఫిరోజ్, ఈ పొరకి గోడ ఏం చెప్పబోతోందో ముందే తెలుసు కదా?"

"తెలిస్తేనే కదా మేడం తుడిచేది."

"తెలిసినప్పుడు తుడవడమే ఎందుకు? గట్టిగా చెప్పమనొచ్చుగా!"

ఫిరోజ్ తన గంతలు పీకేసి ల్యాప్‌టాప్ దగ్గరికి పరిగెత్తాడు.

లెక్కలో మైనస్ గుర్తుని ప్లస్‌గా మార్చితే చాలనుకున్నారు గానీ అంత తేలిగ్గా కాలేదు. మొదటి ప్రయత్నంలో నాలుక చప్పుడుకి హాలంతా టపాకాయల దుకాణంలా మోగింది, కింద నుంచి రమణమ్మగారు కేకేశారు. రెండోసారి గోడలన్నీ ఒకే గొంతుతో పలికి, ఏది ఎటుందో తెలియకుండా పోయింది. అసలు ఏం వినపడాలో చెప్పాల్సింది పైడిరాజే. కట్టు కట్టిన చెయ్యి మెడలో వేలాడదీసుకుని హాల్లో తిరుగుతూ, "మోత పొడుగవుతోంది, కత్తిరించు. గుమ్మం దగ్గర ఖాళీ ఖాళీలా వినిపించాలి, నింపెయ్యకు. ఆ, అలా" అంటూ దిద్దించాడు. నాలుగేళ్ళుగా మైకులు గదిని విని స్పీకర్లని దిద్దుతుంటే, ఆ రెండు రోజులూ ఒక మనిషి విని గదిని దిద్దించాడు.

బుధవారం సాయంత్రం అతను వసారా చివర నిలబడి ఒక్కసారి టక్కుమనిపించాడు. "హాలు మధ్యలో స్టూలెవరు పెట్టారు?"

స్టూలు పెట్టింది లహరి. పెట్టి, ఊపిరి బిగబట్టి గోడకి అతుక్కుని నిలబడింది.

"స్టూలు పెట్టినమ్మాయి టీవీ పక్కన నిలబడింది" అన్నాడు పైడిరాజు. ఇల్లంతా కేరింతలతో దద్దరిల్లింది.

గురువారం తపతి వచ్చారు. నెరిసిన జుట్టు కత్తిరించుకున్న, నెమ్మదైన మనిషి. పాట విన్నారు, కళ్ళు మూసుకుని మొత్తం విన్నారు. ఆ తర్వాత ఇరవై నాలుగ్గంటల పద్ధతి అడిగారు. వైజయంతి ఆన్ చేసి చూపించింది. తపతి మాట్లాడారు, చప్పట్లు కొట్టారు, చిన్నపిల్లలా నవ్వారు.

"ఇదే, నాకు కావలసింది ఇదే. కాగితాలు తెచ్చాను మేడం."

"అది ఇవ్వడం లేదండీ" అంది వైజయంతి.

ఫిరోజ్‌కి ముందే తెలిసినా నుదుటికి చెమట పట్టింది. వైజయంతి పైడిరాజు చేతికట్టు చూపించి, జరిగిందంతా చెప్పింది. ఏదీ దాచలేదు, తను పట్టించుకోకపోవడం కూడా.

తపతి కాగితాలు తిరగేశారు. "చూపు లేనివాళ్ళున్న ఇళ్ళకి అమ్మకూడదని రాసుకుందాం. మిగతావాళ్ళకి ఇబ్బంది లేదుగా?"

"కరెంటు పోయినప్పుడు మీరూ చెవులతోనే నడుస్తారు, మీకు తెలియదంతే" అన్నాడు పైడిరాజు. "నాకే పోయిన వారం దాకా తెలియలేదు. ఒకసారి కళ్ళు మూసుకుని వంటింటి దాకా వెళ్ళి రండి. నేను పక్కనే ఉంటాను."

తపతి లేచి కళ్ళు మూసుకున్నారు. నాలుగడుగులు వేసి ఆగిపోయారు. చేతులు ముందుకి చాచారు, ఎవరూ ఏమీ అనకముందే పైడిరాజు మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. కళ్ళు తెరిచాక వచ్చి సోఫాలో కూర్చున్నారు.

"మా పైవాళ్ళు నన్ను అడిగేది ఇదే" అన్నారు. "పాట పద్ధతి ఒక్కటే తీసుకెళితే సంతోషించరు. పెద్ద ఒప్పందం మీకు పోతుంది."

"తెలుసండీ."

"గట్టిగా పలికే పద్ధతిని మాత్రం మేం అమ్మలేం. దాన్ని మీ దగ్గరే ఉంచుకోండి." కాగితాల్లో రెండు పేజీలు తీసేసి, మిగతావి ఆమె ముందు పెట్టారు. వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర ఆగి, "ఆ రెండోది ఎక్కడైనా పెట్టినప్పుడు నాకు ఫోన్ చెయ్యండి. కంపెనీ తరఫున కాదు, నేను వచ్చి చూస్తాను" అన్నారు.

పాట పద్ధతి మార్కెట్లోకి వెళ్ళింది. ఫిరోజ్ అనుకున్నంత పెద్ద పేరు రాలేదు, ల్యాబు రెండు గదుల్లోంచి నాలుగు గదుల్లోకి మారలేదు. మూడు నెలల పాటు అతను మనసులో కొంచెం బాధపడుతూనే, రెండో పొరని ఎక్కువ పొడవున్న గోడలకి పనికొచ్చేలా మారుస్తూ వచ్చాడు.

జులైలో భీమిలి దారిలో ఉన్న చూపులేని పిల్లల హాస్టలువాళ్ళు తమ పొడవాటి వరండా ఇచ్చారు. నలభై అడుగులకి పైనే ఉంటుంది. పిల్లలు ముప్ఫైమంది, ఎప్పుడూ కుడిచెయ్యి గోడకి రాస్తూ, ఒకరి వెనక ఒకరు వెళ్ళేవాళ్ళు. గోడ మీద వాళ్ళ చేతులెత్తున నల్లటి చార పడిపోయింది. ఆ చార మీదే వైజయంతీ ఫిరోజూ పొర అంటించారు. తపతి బెంగళూరు నుంచి వచ్చి ఒక కుర్చీలో కూర్చున్నారు.

ఆన్ చేశాక పైడిరాజు పిల్లలకి నాలుక ఆడించడం నేర్పాడు. పది నిమిషాలు వరండా అంతా టక్కుటక్కుమని, కప్పల కొలనులా తయారైంది. "ఒకరి తర్వాత ఒకరు!" అని వార్డెనమ్మ అరిచినా ఎవరూ వినలేదు. నెమ్మదిగా సందడి తగ్గింది. పిల్లలు ఒక్కొక్కరే గోడ మీంచి చేతులు తీశారు.

రాజ్యం అని పదేళ్ళ పిల్ల, రెండు జడలు. వరండా మధ్యలోకి వచ్చి నిలబడింది. టక్కుమనిపించింది. మళ్ళీ ఒకసారి. నాలుగడుగులు నడిచింది. ఇంకో నాలుగు కాస్త తొందరగా నడిచింది. తర్వాత ఒక్కసారిగా పరుగెత్తింది.

వార్డెనమ్మ "పడతావే!" అంటూ లేచింది. రాజ్యం పడలేదు. జడలు ఎగురుతుండగా నాలుక ఆడిస్తూనే ఆ చివరిదాకా పరుగెత్తి, గోడకి చేతివేళ్ళంత దూరంలో ఆగి, గిరుక్కున తిరిగింది. ఆయాసపడుతూ, "అయిపోయిందా? వరండా ఇంతేనా?" అంది.

"ఇంతే" అన్నాడు పైడిరాజు.

"మాస్టారూ, నాతో పరిగెడతారా?"

పైడిరాజు నవ్వేసి ఊరుకుంటాడనుకుంది వైజయంతి. అతను చెప్పులు విడిచి గోడ పక్కన పెట్టాడు. ప్యాంటు కొంచెం పైకి మడిచాడు. లహరి తల్లి చెయ్యి పట్టుకుంది. తండ్రి నడవడం, ఆగడం, మెట్లెక్కడం చూసింది గానీ, పరిగెత్తడం పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. నలభై ఆరేళ్ళ మనిషి, కొంచెం బొజ్జ కూడా ఉంది.

"ఒకటి, రెండు..." మూడు అనకముందే రాజ్యం దూసుకుపోయింది. పైడిరాజు ఆమె వెనకాల, చేతులు విసురుకుంటూ, చొక్కా వెనక గాలికి ఉబ్బిపోతుండగా, ఎవరినీ దేన్నీ పట్టుకోకుండా పరుగెత్తాడు. పిల్లలంతా పాదాల చప్పుడు విని, ఎవరు ముందున్నారో పసిగట్టి కేకలు పెట్టారు. వైజయంతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

అతను రెండు గజాల తేడాతో ఓడిపోయాడు. వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ, మొహమంతా ఎర్రబడి, "మోసం! మూడు అనకముందే వెళ్ళింది. మళ్ళీ పెట్టండి" అని పదేళ్ళ పిల్లతో గొడవకి దిగాడు.